దిగేవాళ్లు చెప్పిన పేరు

మూత తీసిన గంటకే మడ్డిగోతి పనికి ఇద్దరు అన్నదమ్ముల్ని పంపారు. నేను తోళ్లు ఆరేసే కొట్టం గుమ్మంలో నిలబడి చూశాను. వద్దని అరవలేదు. ఆ రోజు నోరు మూసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల సంగతి వాళ్లు చెప్పుకుంటారు, నా సంగతి నేను చెప్పాలి.

మాది తోళ్లు శుద్ధి చేసే కర్మాగారం. పచ్చితోళ్లు సున్నపు నీళ్ల తొట్లలో నానతాయి. వెంట్రుకలు ఊడదీసి, అంటుకున్న మాంసం గీకేస్తారు. ఆ గీకుడంతా, ఆ నీళ్లన్నీ పెరటి వైపున్న గోతిలోకి వెళ్తాయి. రెండు నిలువుల లోతు. మూడు నెలలకోసారి నిండుతుంది. నిండితే మనిషి దిగి మడ్డి ఎత్తిపోయాలి. అడుగున కుళ్లిన గాలి ఉంటుంది. రెండు గుక్కలు పీల్చాక దాని వాసన కూడా తెలియదు, మూడో గుక్కకి మనిషే ఉండడు. అందుకని మూత తీసి ఒక పగలంతా వదిలేయాలి. దిగేవాడి నడుముకు తాడు కట్టాలి. ఆ తాడు కప్పీ మీదుగా వచ్చి పైన ఒకరి చేతిలో ఉండాలి. కింద నుంచి ఒక్కసారి గుంజితే తాడు వదలమని, రెండుసార్లు గుంజితే లాగమని.

తాడు ఎవరు పట్టాలన్నది మేస్త్రీ చెప్పడు, కర్మాగారం నడిపే కాంట్రాక్టరు చెప్పడు. దిగేవాడే చెబుతాడు. గోతి అంచున నిలబడి గట్టిగా పేరు చెబుతాడు. ఆ మనిషి చేతిలో ఏ పనున్నా పడేసి రావాలి. ఇది ఏ కాగితం మీదా లేదు. మా తాతలనాటి నుంచీ ఇంతే. అప్పటికి పదకొండేళ్లుగా ఎవరు దిగినా చెప్పే పేరు ఒకటే, అక్క. ఆమె మాంసం గీకే బల్ల దగ్గర పనిచేసేది. నా సొంత అక్క, కానీ ముసలివాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. తాడు చేతిలో ఉన్నంతసేపూ గోతి వైపు తప్ప ఇంకెటూ చూసేది కాదు. ఒకసారి కందిరీగ మెడమీద కుట్టినా తల తిప్పలేదు. అక్క పైనుంటే కింద కునుకు తీయొచ్చని మా బావ, అంటే ఆమె మొగుడు, అందరితో చెప్పి నవ్వించేవాడు.

ఆ రోజు కాంట్రాక్టరుకు తొందర. సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, గొయ్యి కంపు కొట్టకూడదు. "పేర్లూ గీర్లూ ఏంటిరా, పెళ్లి పిలుపులా?" అని కసిరి, తాడు తన కారు డ్రైవరు చేతిలో పెట్టాడు. ఇంతలో గేటు దగ్గర హారన్ మోగింది. డ్రైవరు తాడును స్తంభానికి చుట్టి గేటు తీయడానికి పరిగెత్తాడు. గోతిలో పెద్దవాడు పడిపోయాడు. పైన బకెట్లు అందుకుంటున్న చిన్నవాడు వాణ్ని లేపుదామని తాడు లేకుండానే దూకాడు. ఇద్దర్నీ బయటికి తీసేసరికి మొహాలు గుర్తుపట్టేలా లేవు. వాళ్లమ్మ వచ్చి చొక్కా గుండీలు చూసి ఎవరు ఎవరో చెప్పింది.

"తాగి దిగారు," అన్నాడు కాంట్రాక్టరు.

అక్క గీకుడు కత్తితోనే అతని ముందుకెళ్లింది. "ఏం తాగారు? నీ గోతిలో నీళ్లా?" అంది. మర్నాటి నుంచి గేటు లోపలికి ఆమెను రానివ్వలేదు.

మా పార్టీ ఆఫీసు సైకిళ్లు బాగుచేసే షాపు మీద రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, వెనక గదిలో బీరువా, బీరువాలో మినిట్స్ పుస్తకం. ఆ పుస్తకం రాసేది నేను. నాకు అక్షరం నేర్పింది మాస్టారు. షిఫ్టు దిగాక ఆ బెంచీల మీదే కూర్చోబెట్టి మాలాంటి ముప్పైమందికి చదువు చెప్పారు. మూడుసార్లు జైలుకెళ్లొచ్చిన మనిషి, పట్టణ కార్యదర్శి. ఆయన మాటంటే అప్పట్లో నాకు వేదవాక్కు.

అన్నదమ్ములు పోయిన సాయంత్రం బెంచీలు చాలక జనం మెట్లమీద కూర్చున్నారు.

"గోతి మీద మూత వేసి తాళం పెడదాం," అంది అక్క. "మడ్డి తోడే యంత్రం వచ్చేదాకా మనిషి దిగడు. కాంట్రాక్టరు మీద హత్య కేసు పెట్టాలి. అంతే."

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. మా పార్టీ కేసులన్నీ వాదించేది ఆయనే, రాబోయే ఎన్నికల్లో నిలబడేదీ ఆయనే. "అమ్మా, ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి."

"ఆ సంగతి గోతికి తెలియదండీ."

జనం నవ్వారు. ప్లీడరు నవ్వలేదు. "మన ప్రధాన శత్రువు ఎవరు? ఎన్నికల్లో మన మీద నిలబడ్డ మిల్లుల యజమాని. కాంట్రాక్టరు ఇప్పుడు అతనికి ఎదురు తిరిగాడు. ఈ దశలో అతను మనకు మిత్రశక్తి."

"మిత్రుడే ఇద్దర్ని మింగితే ఇక శత్రువు ఎంతమందిని మింగుతాడో లెండి," అన్నాడు బావ.

"ముందు అధికారం రానివ్వండి. అధికారం వచ్చాక గొయ్యి ఎంతలో పని?" అన్నారు మాస్టారు.

"ఎత్తని మడ్డి సగానికి పైగా గోతిలోనే ఉంది మాస్టారూ, నెల తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. మీ అధికారం వచ్చేలోపు ఇంకోసారి దిగాలి. ఎవర్ని దింపుదాం? పేరు చెప్పండి," అంది అక్క.

ఆ రోజు నుంచి పార్టీ రెండు ముక్కలైంది. ఒకరు గోతివాళ్లు, ఇంకొకరు గెలుపువాళ్లు. టీ తాగే చోట కూడా వేరువేరుగా నిలబడేవాళ్లు. నెలన్నరలో శాఖ మహాసభ ఉంది, కొత్త కార్యదర్శిని ఎన్నుకోవాలి. తొట్లలో పనిచేసేవాళ్లంతా అక్క అంటున్నారు. పైకమిటీ ప్లీడరు అంటోంది.

మా దగ్గర ఎన్నిక ఎలా జరుగుతుందో చెబుతాను. పాత కమిటీ ఒక జాబితా తయారుచేస్తుంది. దాన్ని ప్యానెల్ అంటారు. సభలో చదువుతారు. చేతులెత్తమంటారు, ఎత్తుతాం. పుస్తకంలో "ఏకగ్రీవం" అని నేను రాస్తాను. ఏడేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో, కళ్లు మూసుకుని కూడా వంకర పోకుండా రాయగలను.

మాస్టారు నన్ను వెనక గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"మీ అక్కను ఆరునెలలు పక్కన పెట్టాలిరా. ఎన్నికలవగానే మళ్లీ తీసుకుంటాం. నా మాట."

"ప్రతిపాదన ఎవరు పెడతారు?"

"నువ్వు."

నా చేతిలో పెన్ను జారింది. ఆయనే వంగి తీసిచ్చారు.

"మన పద్ధతి అది. బయటివాడు పెడితే కక్ష అంటారు, ఇంటివాడు పెడితే క్రమశిక్షణ అంటారు. నా మీద విమర్శ వచ్చినప్పుడు మా ఆవిడ చేతే పెట్టించారు. నెలరోజులు ఆవిడతో మాట్లాడలేదు నేను. తర్వాత అర్థమైంది."

ఏం అర్థమైందో నేను అడగలేదు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది, ఆ బరువు నాకు గొప్పగా అనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషమేసింది.

సభ పెట్టారు. నలభైమంది. నేను లేచి చదివాను: గ్రూపులు కడుతోంది, పార్టీ నిర్ణయాన్ని బయట ధిక్కరిస్తోంది, మిత్రశక్తుల్ని దూరం చేస్తోంది. అక్క రెండో బెంచీలో కూర్చుని గోళ్లలో ఎండిన సున్నం తీసుకుంటోంది. అనుకూలంగా చేతులెత్తమన్నారు మాస్టారు. ఎత్తనివాళ్లను కూడా పక్కన పెట్టాల్సి వస్తుందని ప్లీడరు నెమ్మదిగా గుర్తుచేశాడు. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. బావ చెయ్యి లేవలేదు.

"ఎత్తవయ్యా," అంది అక్క, తల ఎత్తకుండానే. "లోపల మనవాడు ఒకడైనా ఉండొద్దూ?"

బావ ఎత్తాడు. జీవితంలో మొదటిసారి అతని నోట జోకు రాలేదు.

"వ్యతిరేకంగా?"

"నేను తాడు పట్టేదాన్ని. నన్ను కాదు, దిగేవాళ్లని అడగండి."

"ఇది గొయ్యి కాదమ్మా, పార్టీ," అన్నారు మాస్టారు.

నేను "ఏకగ్రీవం" అని రాశాను. అక్క వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి పుస్తకంలోకి చూసింది. "దస్తూరీ బాగా కుదిరిందిరా," అంది.

మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. సస్పెండైన మనిషితో పార్టీ విషయాలు మాట్లాడకూడదని నియమం. "గొయ్యి పార్టీ విషయమా, ఇంటి విషయమా? ముందు అది తేల్చండి, అప్పుడు నోరు తెరుస్తాను," అన్నాడు బావ. ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే అక్క వెనకనుంచి అడిగింది.

"నమ్మి చేశావా, భయపడి చేశావా?"

"నమ్మే చేశాను."

"అయ్యో," అంది. "భయపడి చేసుంటే ఎలాగో బాగుచేసేదాన్ని."

నెల తిరక్కుండానే ప్లీడరు ఒక విజయం తెచ్చాడు. భద్రతా కమిటీ! అందులో కాంట్రాక్టరు, ప్లీడరు, కార్మికుల తరఫున నేను. కరపత్రం వేశారు, గేటు దగ్గర పంచాం. ఇకమీదట తాడు కమిటీ మనిషే పడతాడు. కమిటీ సైగ చేయనిదే లాగకూడదు. ఊరికే లాగితే భయం పుడుతుంది, భయం పుడితే పని ఆగుతుంది. ఇవన్నీ నా చేతే రాయించారు.

గొయ్యి నిండింది. సరుకు కొనేవాళ్లు మళ్లీ వచ్చే రోజున పొద్దున్నే మూత తీసి మధ్యాహ్నానికి దిగమన్నారు. తొట్లవాళ్లు వెనక్కి తగ్గారు. మాస్టారు బావను పిలిచి, "పార్టీ వాడివి, నువ్వు దిగితే అందరికీ ధైర్యం," అన్నారు. బావ కాసేపు చెవి గోక్కున్నాడు. "పార్టీ మాట కదా, సరే," అన్నాడు.

యార్డులో అటువైపు కోటు వేసుకున్నవాళ్లు నలుగురు, వాళ్ల పక్కన కాంట్రాక్టరు, ప్లీడరు. ఇటువైపు గొయ్యి. గేటు ఊచల బయట అక్క, ఆమె పక్కన ఆ అన్నదమ్ముల తల్లి. బావ నడుముకు తాడు కట్టుకుని అంచున నిలబడ్డాడు.

"పేర్లు అక్కర్లేదు, దిగు," అన్నాడు మేస్త్రీ.

"అక్కర్లేకపోయినా చెబుతా. నోటి అలవాటు."

గేటు వైపు చూశాడు. అక్క అని అనొచ్చు. అంటే కమిటీ పరువు పోయేది, అందరి ముందూ నా పరువు పోయేది, అతను బతికేవాడు. నా వైపు చూశాడు. కమిటీ తరఫున తాడు కొస పట్టుకున్నది నేనే.

"మా బావమరిది!" అన్నాడు గట్టిగా. తర్వాత నాకొక్కడికే వినబడేలా, "గోతికేసే చూడు. ఇంకెటూ చూడకు," అని దిగిపోయాడు.

ఆరు బకెట్లు పైకొచ్చాయి. ఏడోది రాలేదు. తాడు రెండుసార్లు గుంజింది.

నేను ప్లీడరు వైపు చూశాను.

అతను కోటు మనిషితో మాట్లాడుతున్నాడు. నన్ను చూశాడు. మాట ఆపకుండానే అరచెయ్యి చూపించాడు, ఆగమని. ఆగాను. నా వెనక తాడు పట్టుకున్న ఇద్దరూ, "లాగుదాం, లాగుదాం," అంటున్నారు. సైగ కావాలన్నాను నేను. తాడు మళ్లీ గుంజింది. ఈసారి మెల్లగా. నేను మళ్లీ ప్లీడరు వైపే చూశాను. ఎంతసేపు చూశావని తర్వాత అందరూ అడిగారు. అరనిమిషం అన్నాను. అక్క గేటు దగ్గరనుంచి "లాగరా" అని నాలుగుసార్లు అరిచిందట. నాకు మూడే వినిపించాయి. మూడు వినిపించాయి, అయినా నేను లాగలేదు.

లాగేసరికి తాడు చాలా బరువుగా వచ్చింది. బావ నోటినిండా మడ్డి. ఎడమచేతి వేళ్లు తాడు చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని విడదీయడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

"తాగి దిగాడు," అన్నాడు కాంట్రాక్టరు.

అక్కను లోపలికి రానిచ్చారు, శవం తీసుకెళ్లడానికి. ఆమె నన్ను తిట్టలేదు. తాడు నా చేతిలోంచి తీసుకుని, చుట్టలు చుట్టుకుని భుజాన వేసుకుంది. తిడితే బాగుండునని రెండు రోజులు ఎదురుచూశాను.

మూడో రోజు మాస్టారు మళ్లీ వెనక గదిలోకి పిలిచారు. ప్లీడరు చెబుతున్నాడు, నేను రాయాలి. "వ్యక్తిగత అజాగ్రత్త వల్ల..."

"ఎవరి అజాగ్రత్త?" అన్నాను. "నాదా, మీదా, కాంట్రాక్టరుదా?"

"చనిపోయినవాడిదని రాయరా," అన్నారు మాస్టారు. "బతికున్నవాళ్లతో పార్టీకి ఇంకా పనుంది."

నాకు అక్షరం నేర్పిన నోటితోనే ఆ మాట అన్నారు. నేను పెన్ను మూత పెట్టాను. ఎవరో ఒకరు రాస్తారులే అని ప్లీడరు పుస్తకం తన వైపు లాక్కున్నాడు. ఆ పేజీ అతని దస్తూరీలో ఇప్పటికీ ఉంది.

మహాసభ రోజున హాలు నిండింది. గోడకు కొత్త గుడ్డ కట్టారు. ప్యానెల్ చదవమని జాబితా నా చేతికే ఇచ్చారు. మొదటి పేరు ప్లీడరుది. చివర ఏడో పేరు రెండుసార్లు చదివాను. అది నాది. మెచ్చుకోలు!

ఏడూ చదివాను. చేతులెత్తమన్నారు మాస్టారు. ముందు రెండు వరసలు ఎత్తాయి. మిగతావేవీ లేవలేదు. తొట్లలో అందరికంటే పాతవాడు, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి, లేచి నిలబడ్డాడు.

"ఈ ఏడుగురిలో గోతిలోకి దిగేదెవరండీ?"

"ఇది నాయకత్వం ఎన్నిక. పనుల పంపకం కాదు," అన్నాడు ప్లీడరు.

"మరి తాడు వీళ్ల చేతిలోనే పెడుతున్నాంగా?"

"నియమావళి ప్రకారం..."

"నియమావళి దింపితేనే మొన్న ఒకడు దిగాడు. ఎలా పైకొచ్చాడో చూశాం. ఇక మా పద్ధతి. దిగేవాళ్లం పదహారుమందిమి ఉన్నాం, మేం చెబుతాం పేరు." పెద్దాయన బల్ల దగ్గరికి నడిచాడు. "అక్క."

అతని వెనక రెండోవాడు. "అక్క." మూడోవాడు. కొందరు పనిలోంచి అలాగే వచ్చారు, వాళ్ల కాళ్ల నుంచి సున్నపు నీళ్లు కారి నేలమీద తెల్లటి మరకలు పడ్డాయి. పదహారుమందీ అయ్యాక గీకేవాళ్లు లేచారు, ఆరేసేవాళ్లు లేచారు. "ఆమె సస్పెన్షన్‌లో ఉంది! ఇది చెల్లదు!" అని ప్లీడరు అరుస్తూనే ఉన్నాడు. "ఆ ప్రతిపాదన నేను వెనక్కి తీసుకుంటున్నాను!" అని నేనూ అరిచాను.

"కూర్చోరా," అన్నాడు పెద్దాయన. "నీ చెయ్యి లేచినా దిగినా ఇప్పుడు ఒకటే."

అందరికంటే చివర మాస్టారి భార్య లేచింది. భర్త మీద ప్రతిపాదన పెట్టిన ఆవిడ. ఆయన ముందు ఆగి, "అక్క," అని, చెప్పులు వేసుకుని జనంతోపాటు బయటికెళ్లింది. మాస్టారు బల్లమీద పడున్న జాబితా తీసుకుని నాలుగు మడతలు పెడుతూ కూర్చున్నారు.

అక్క బయట మెట్లమీద ఉంది. సస్పెండైన మనిషిని లోపలికి రానివ్వలేదు మరి. జనం ఆమె వెనకే కర్మాగారానికి నడిచారు. గేటు కాపలావాడు పక్కకు తప్పుకున్నాడు. గోతి మీద మూత వేశారు. దాని ఇనప కడియంలోంచి తాడు తిప్పి, ముడి మీద ముడి వేసి, మూత మీద కూర్చుంది అక్క. చుట్టూ మూడొందలమంది కూర్చున్నారు. యంత్రం వచ్చేదాకా మనిషి దిగడు! ఆ అరుపుకు తోళ్ల కొట్టం రేకులు అదిరాయి.

నేను ఆమె ముందు నిలబడ్డాను. "నన్ను వెళ్లగొట్టు. లేకపోతే కొట్టు," అన్నాను.

"వెళ్లగొడితే ఎక్కడో కూర్చుని ఏడ్చుకుని తేలికపడతావు. ఆ సుఖం నీకివ్వను. నీకు రాయడం వచ్చుగా? జరిగింది జరిగినట్టు రాయి. కొత్తగా చేరే ప్రతి ఒక్కళ్లకీ నీ నోటితో నువ్వే చదివి వినిపించు."

"ఎన్నాళ్లు?"

"నోరున్నన్నాళ్లు."

మూడో రోజున లారీల్లో పోలీసులు వచ్చారు. తలలు పగిలాయి. అక్క జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యాను ఎక్కించారు. వ్యాను గేటు దాటకముందే పదహారుమందీ మూత చుట్టూ నిలబడి ఇంకో పేరు చెప్పారు. పెద్దాయన వచ్చి మూత మీద కూర్చున్నాడు. పద్దెనిమిది రోజులకు ఆయన్నీ తీసుకెళ్లారు. అప్పటికి మూడో పేరు సిద్ధంగా ఉంది. పార్టీ మా శాఖను రద్దుచేసి, అక్కడ శాఖే లేదని పత్రికలో వేసింది. ఎన్నికల్లో ప్లీడరు గెలిచాడు. కాంట్రాక్టరు దండ వేశాడు. అయినా ఆ గోతిలోకి ఇంతవరకు మనిషి దిగలేదు.

ఇది ఆరో ఏడు, యంత్రం ఇంకా రాలేదు. తాడు ఇప్పుడు ఆరో మనిషి చేతిలో ఉంది. బనాయించిన కేసులో అక్క ఇంకా జైల్లోనే ఉంది. నెలకోసారి వెళ్తాను, ములాఖత్‌కు ఒప్పుకోదు. ఇంతమందికి చదివానని చీటీ పంపిస్తే మాత్రం తీసుకుంటుందట.

మీరు వేరే కర్మాగారాల నుంచి వచ్చారు, కొందరు కాలేజీల నుంచి వచ్చారు. మీ దగ్గర గోతుల్లోకి ఇంకా దింపుతున్నారని తెలుసు. రేపు మీ గోతి మూత మీద కూర్చోబోతున్నారనీ తెలుసు. ఈ కాగితాలు ఇక్కడితో అయిపోతాయి. ఇప్పుడు ఒక్కొక్కరు లేచి, మీ తాడు ఎవరి చేతిలో పెడతారో గట్టిగా చెప్పాలి. పైనుంచి ఎవరూ జాబితా పంపలేదు. ఎవరి పేరైనా చెప్పొచ్చు.

నా పేరు మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు ఒక్కడే. అతన్ని నేను పైకి లాగలేదు.